సవరణ: డెన్వర్ లాన్‌కు చలికాలంలోనూ నీళ్లు కావాలి

"అక్టోబర్‌లో స్ప్రింక్లర్ పైపుల్లో నీళ్లు గాలితో ఖాళీ చేయించేశాక, మళ్లీ ఏప్రిల్ దాకా లాన్‌కు నీళ్లు అక్కర్లేదు" అని ఇదివరకు రాశాను. అది తప్పు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో రైతులకు, తోటలు పెంచేవాళ్లకు సలహాలిచ్చే ఎక్స్‌టెన్షన్ విభాగం మాట వేరు: మంచు, వాన లేకుండా పొడిగా సాగితే అక్టోబర్ నుంచి మార్చి వరకు నెలకు ఒకటి రెండుసార్లు తడపాలి.

ఇక్కడి లాన్లలో వేసే కెంటకీ బ్లూగ్రాస్ అనే గడ్డి రంగు మారి నిద్రపోయినా వేళ్లు బతికే ఉంటాయి. వాటిని చంపేది చలి కన్నా ఎక్కువగా పొడిగాలి, ఎండ. దక్షిణం, పడమర వైపు ఎండ తగిలే వాలు, ఆ ఏడే వేసిన సాడ్ (చాపలా చుట్టి తెచ్చి పరిచే గడ్డి) ముందు దెబ్బతింటాయి. ఎండిన గడ్డిలో మైట్స్ అనే అతి చిన్న పురుగులు (మంచాల్లో ఉండే నల్లులు కావు) కూడా చేరతాయి. ఫిబ్రవరి, మార్చిలో లాన్‌లో కనిపించే ఎండుగడ్డి రంగు మచ్చలు కొన్నిసార్లు వాటి పనే. నీళ్లు పెడితే అవి తగ్గుతాయి. ఎరువు వేస్తే తగ్గవు, డబ్బు దండగ.

ఉష్ణోగ్రత 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి, నేల గడ్డకట్టకుండా, పైన మంచు లేని రోజు చూసుకోండి. మధ్యాహ్నం పెడితే రాత్రి గడ్డకట్టేలోపు ఇంకుతుంది. అర అంగుళం చాలు, అంటే వెయ్యి చదరపు అడుగులకు దాదాపు 310 గ్యాలన్లు. లాన్ మీద ఖాళీ ట్యూనా చేప డబ్బా పెట్టి, అందులో ఎంత నీరు చేరిందో కొలవండి.

ఖాళీ చేసిన స్ప్రింక్లర్ సిస్టమ్‌ను మాత్రం మళ్లీ ఆన్ చేయకండి. గొట్టం, దాని చివర బిగించే స్ప్రింక్లర్ వాడండి. పనయ్యాక గొట్టం ఊడదీయాలి. ఫ్రాస్ట్ ఫ్రీ కుళాయి (చలికి గడ్డకట్టకుండా చేసిన బయటి కుళాయి) అయినా సరే, గొట్టం తగిలించి ఉంటే లోపల నీళ్లు నిలిచి గోడలోనే పైపు పగులుతుంది.