ఉష్ణమండల విహారంలో మధ్యాహ్నాన్ని ఖాళీగా వదిలేద్దాం

భూమధ్యరేఖకు ఇరువైపులా సుమారు 23.4 డిగ్రీల మేర విస్తరించిన ఉష్ణమండలంలో ఏదో ఒక సముద్రతీరానికి కుటుంబమంతా కలిసి వెళ్లాలనుకున్నప్పుడు కళ్ల ముందు మెదిలేవి నీలి నీళ్లు, కొబ్బరిచెట్ల నీడలు, ఇసుకలో ఆడుకునే పిల్లలు. ఆ దృశ్యం అబద్ధం కాదు. అయితే అది పొద్దున రెండు మూడు గంటలకు, సాయంత్రం మరో రెండు గంటలకే సరిపోతుంది. మిగిలిన పగటిని కూడా అదే దృశ్యంతో నింపాలని చూడడం వల్లే ఇలాంటి ప్రయాణాల్లో కష్టాలు ఎక్కువగా మొదలవుతాయని నా అభిప్రాయం.

అక్కడ ఏడాదిలో చాలా రోజులు మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు. అతినీలలోహిత కిరణాల సూచీ 11 లేదా అంతకు మించితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యంత తీవ్రమైన స్థాయిగా పరిగణిస్తుంది. ఉష్ణమండల తీరాల్లో మధ్యాహ్నం ఆ స్థాయి సర్వసాధారణం. పలుచని మబ్బులు ఈ కిరణాలను పెద్దగా ఆపలేవు. పైగా సముద్రపు గాలి చల్లగా తగులుతుంటే చర్మం కమిలిపోతున్న సంగతి సాయంత్రం దాకా తెలియదు. ఎండ నుంచి కాపాడే లేపనాన్ని పొద్దున ఒకసారి రాస్తే చాలదు, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి బయటికి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. దీనికితోడు గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట త్వరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. అలాంటి వేడికి శరీరం అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మన సెలవులేమో చాలాసార్లు వారంతోనే ముగుస్తాయి, అంటే ఒంటికి ఆ వాతావరణం కాస్త పడుతోందనుకునే సరికి తిరుగు ప్రయాణానికి సామాన్లు సర్దుకుంటూ ఉంటాం. మూడో రోజున పిల్లలు చిరాకు పడుతున్నారంటే అది మొండితనం కాదు, అలసట.

ఉదయం, సాయంత్రం మాత్రమే బయట తిరగాలన్న నియమంలోనూ ఒక చిక్కు ఉంది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమలు పగటిపూట కుడతాయి, అందులోనూ తెల్లవారిన తొలి గంటల్లో, పొద్దుగుంకే ముందు మరింత చురుగ్గా ఉంటాయి. అంటే మనకు హాయిగా ఉండే వేళలే వాటికీ అనువైనవి. కాబట్టి పొడుగు చేతుల పలుచని దుస్తులు, ఎండ లేపనం ఆరిన తర్వాత దానిపై దోమల నివారణి తప్పనిసరి. భూమధ్యరేఖకు దగ్గరలో సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు కనుక సంధ్యవెలుగు అరగంట కూడా నిలవదు. చంటిపిల్లలతో, ముసలివాళ్లతో తీరం వెంట దూరం నడిచి వెళ్లినవారు చీకట్లో వెనక్కి రావలసి వస్తుంది.

సముద్రం విషయంలో ఒక్క మాట. విరుచుకుపడే అలల మధ్య ప్రశాంతంగా కనిపించే పాయను చాలామంది తల్లిదండ్రులు సురక్షితమనుకుంటారు. తీరం నుంచి లోపలికి లాక్కుపోయే ప్రవాహం తరచుగా ఉండేది అక్కడే. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడాలి. ఈ సంగతి పిల్లలకు నీళ్లలోకి దిగకముందే చెప్పాలి. రక్షకులు కాపలా ఉండే చోటే స్నానం చేయాలి.

ఇన్ని జాగ్రత్తలు ఎవరు గుర్తు పెట్టుకుంటారన్నది ఈ చర్చలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించే ప్రశ్న. లేపనం, మందులు, తడి బట్టలు, తాగే నీళ్లు, నిద్ర వేళలు అన్నీ చాలా కుటుంబాల్లో తల్లి మీదే పడతాయి. ఇంటి పని ఊరు మారిందే తప్ప ఆమెకు సెలవు దొరకలేదు. బయల్దేరే ముందే ఆ పనులను పెద్దలంతా పేరుపేరునా పంచుకోకపోతే ఆ ప్రయాణాన్ని కుటుంబ విహారం అనడం న్యాయం కాదు.

2010లో నెదర్లాండ్స్‌లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, సెలవులకు వెళ్లబోయేవారు వెళ్లనివారికన్నా ముందుగానే ఎక్కువ ఆనందంగా ఉన్నారు. తిరిగి వచ్చాక మాత్రం ఆ తేడా చాలావరకు కనిపించలేదు. తమ సెలవులు ఎంతో విశ్రాంతిగా గడిచాయని చెప్పినవారిలోనే కొంతకాలం నిలిచింది. ఎక్కువ చోట్లు చూస్తేనే డబ్బుకు తగిన ఫలితం దక్కుతుందన్న మన లెక్కను దీని వెలుగులో తిరిగి చూసుకోవాలి.

ఉష్ణమండలంలో వానాకాలపు మధ్యాహ్నాల్లో, నేల వేడెక్కి తేమగాలి పైకి లేచినప్పుడు ఉరుములతో జోరువాన కురవడం మామూలే. మా ప్రయాణంలోనూ ఒకసారి అలాంటి వాన పట్టుకుని, పడవ షికారు రద్దయింది. పిల్లలు కాసేపు ఏడ్చారు. తర్వాత వరండాలో చాప పరుచుకుని అమ్మమ్మ చిన్నప్పటి సంగతులు అడగడం మొదలుపెట్టారు. వాన వెలిసినా ఎవరూ లేవలేదు.