మేళం వాళ్ళు భోంచేశారా?

మొన్న ఒక బీటిల్స్ (అరవైల్లో లోకాన్ని ఊపేసిన ఇంగ్లీషు బ్యాండు) భక్తుడు తగిలాడు. ఈ రకం మీకూ తెలుసు, టీషర్టు మీద ఆ నలుగురూ ఎప్పుడూ రోడ్డు దాటుతూనే ఉంటారు. మాటల్లో వాళ్ళ పాట 'ది ఇన్నర్ లైట్' సంగతి ఎత్తితే, "ఆ సితార్ పాటా? స్కిప్ కొట్టేస్తా బాసూ" అన్నాడు. నాయనా, అందులో నీ చెవిలో మోగుతున్నది సరోద్, అది వేరే తీగల వాయిద్యం. పక్కనే సన్నాయి లాంటి షెహనాయి కూడా ఉంది, అది నీకు ఏ కారు హారన్‌లాగానో వినిపించి ఉంటుంది.

సరే, ఇంతటి పండితుడికి పాట పుట్టుక విన్నవించుకోవడం మన ధర్మం. కేంబ్రిడ్జిలో సంస్కృతం చెప్పే హువాన్ మస్కారో అనే పెద్దాయన, చైనా వాళ్ళ పాత తత్వగ్రంథం 'తావో తె చింగ్'లో 47వ అధ్యాయాన్ని పాటగా కట్టకూడదా అని ఆ నలుగురిలో ఒకడైన జార్జ్ హారిసన్‌కి ఉత్తరం రాశాడు. గడప దాటకుండానే లోకమంతా తెలుసుకోవచ్చు, దూరం పోయే కొద్దీ తెలిసేది తగ్గుతుంది అని దాని సారం. ఈ గడప దాటని పాటకి వాయిద్యాలు ఎక్కడ రికార్డు చేశారయ్యా అంటే, లండన్ నుంచి విమానమెక్కి వచ్చి బొంబాయిలో! (ఒక సినిమా సంగీతం పని మీద వచ్చి, పనిలో పనిగా ఇదీ కానిచ్చాడు లెండి.) 1968 మార్చి 15న బ్రిటన్‌లో రికార్డు విడుదలయ్యే నాటికి గాయకుడు రిషికేశ్‌లో ఉన్నాడు. ఇక గడప మాట ఎవరూ ఎత్తకండి.

నాకు ప్రాణం మాత్రం ఆ బొంబాయి స్టూడియో. అది హెచ్‌ఎంవీ అనే రికార్డుల కంపెనీది, కింద ఆఫీసులు, పైన స్టూడియో, సౌండ్‌ప్రూఫింగ్ మాటే లేదు. టేపుల్లో టాక్సీల చప్పుడు దూరిందనీ, సాయంత్రం 5.30కి ఆఫీసులు వదిలితే మెట్ల మీద జనం దిగే చప్పుడుకి రికార్డింగ్ ఆపేయాల్సి వచ్చేదనీ హారిసనే చెప్పాడు. ఒక్కసారి ఊహించుకోండి, లోపల ప్రపంచంలోకెల్లా పెద్ద బ్యాండు మనిషి అంతరంగ జ్యోతి కోసం వెతుక్కుంటున్నాడు, బయట గుమాస్తాలు లెడ్జర్లు మూసేసి, ఖాళీ క్యారేజీలు ఊపుకుంటూ, లోకల్ బండి అందుతుందో లేదో అన్న టెన్షన్‌లో దడదడా దిగుతున్నారు. బీటిల్ అయితే ఏంటట? ఆగాల్సిందే. జనవరి నెలంతా వెతికినా ఇంతకంటే పెద్ద తత్వం ఆ బిల్డింగులో దొరికేది కాదు.

ఫిబ్రవరిలో లండన్ ఆబీ రోడ్డు స్టూడియోలో గొంతు కలపాలి. నావల్ల కాదేమో అని హారిసన్ జంకితే బ్యాండులోని పాల్ మెకార్ట్నీయే ధైర్యం చెప్పాడు. చివరికి 'లేడీ మడోన్నా' అనే ఇంకో బీటిల్స్ పాట రికార్డుకి రెండో వైపు వేశారు. బీటిల్స్ సింగిల్ మీద హారిసన్ పాట రావడం అదే మొదలు, అది కూడా వెనక వైపు. తర్వాత పదేళ్ళపాటు, 1978 దాకా, బ్యాండు ఏ ఆల్బమ్‌లోనూ దానికి చోటు దొరకలేదు. 1992లో ఒక అమెరికన్ టీవీ సీరియల్ ఎపిసోడ్‌కి ఈ పేరు పెట్టుకుంటే దానికి సైన్స్ ఫిక్షన్ వాళ్ళిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. అంటే పేరు పాసైంది, పాట సప్లిమెంటరీలో ఉంది!

ఇక మెకార్ట్నీ గారి మెచ్చుకోలు. ఇండియన్ సంగీతాన్ని మర్చిపోండి, మెలొడీ వినండి, ఎంత అందంగా ఉందో అన్నాడు. మనసులో మంచిదే, కాదనను. కానీ మేళాన్ని మర్చిపోయి పెళ్ళి చూడమంటే ఎలా బాబూ?

మర్చిపోయారు కూడా, అదే నా కడుపుమంట. సరోద్ వాయించింది ఆశిష్ ఖాన్, అలీ అక్బర్ ఖాన్ కొడుకు, అల్లావుద్దీన్ ఖాన్ మనవడు. వేణువు హరిప్రసాద్ చౌరాసియా, తర్వాత పద్మవిభూషణ్. పఖావజ్ (మన మృదంగం లాంటిది) మహాపురుష్ మిశ్రా. షెహనాయి హనుమాన్ జాదేవ్. ఆ రికార్డు లేబుల్ మీద వీళ్ళలో ఒక్కరి పేరైనా లేదు. ఒక్కరిది! మన పెళ్ళిళ్ళలో "గట్టిమేళం, గట్టిమేళం" అని అరిచేవాళ్ళలో సన్నాయి ఆయన పేరు ఎంతమందికి తెలుసు? ఆయన అన్నం తిన్నాడా అని అడిగినవాళ్ళు ఎంతమంది? ముహూర్తం మాత్రం ఆయన ఊదితేనే నిలబడుతుంది, వీడియోలో మాత్రం ఆయన మోచెయ్యి వరకే పడతాడు. ఆశిష్ ఖాన్ 2024లో పోయారు. సిగ్గు లేకపోతే సరి, యాభై ఆరేళ్ళు సమయం ఇచ్చారు మనకి, ఆ పేరు పలకడానికి.

ఇదంతా మా భక్తుడికి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, తల కూడా ఊపాడు. టీ గ్లాసు కింద పెట్టి, "అన్నీ బాగున్నాయి గానీ, ఇంతకీ సితార్ ఎవరు వాయించారు?" అన్నాడు.