కుట్టుమిషన్లు సరే, ఊయల ఎక్కడ?

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఒక పొద్దుట నిలబడి చూడండి. సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థల డెమో క్లాసు కరపత్రాలు చేతిలో పెట్టే కుర్రాళ్లు, మెటీరియల్ అమ్మే జిరాక్స్ దుకాణాలు, సందుసందుకూ లేడీస్ హాస్టళ్లు. సర్కారు నిలబెట్టని ఈ కొద్దిపాటి వీధులు ఎందరో పల్లెటూరి పట్టభద్రులను సాఫ్ట్‌వేర్ కొలువుల్లో కూర్చోబెట్టాయి. పాఠం బాగా లేకపోతే వచ్చే బ్యాచ్‌కి బెంచీలు ఖాళీ అవుతాయి, ఆ భయమే అక్కడ నాణ్యతను కాపాడుతోంది. ప్రైవేటు వృత్తి శిక్షణలో ప్రజాధనం పెట్టాలని నేను గట్టిగా కోరడానికి కారణం ఇదే.

అయితే అమీర్‌పేట దాకా రాగలిగేది డిగ్రీ ఉండి, హాస్టల్ ఫీజు కట్టే తండ్రి ఉన్న అమ్మాయి. పదో తరగతితో చదువు ఆగిపోయి, బోరబండ బస్తీలో రెండేళ్ల బిడ్డను ఎత్తుకుని తిరిగే తల్లి రాలేదు. ఆమె నిరుద్యోగుల లెక్కలోకి కూడా రాదు, ఎందుకంటే పని వెతకడానికే ఆమెకు తీరిక లేదు. 2023-24 కేంద్ర శ్రామిక సర్వే ప్రకారం దేశంలోని పట్టణాల్లో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో పని చేస్తున్నవాళ్లు, వెతుకుతున్నవాళ్లు కలిపి 28 శాతమే. మిగతా వాళ్లను పక్కన పెట్టి నిరుద్యోగం తగ్గిందని చెప్పుకోవడం అన్యాయం.

ప్రైవేటువాళ్ల చేతికి డబ్బిస్తే దొంగ హాజరు రాసి దోచుకుంటారని అంటారు. నిజమే, అలాంటివి జరిగాయి. పేరు రాయించుకున్నందుకూ, సర్టిఫికెట్ చేతిలో పెట్టినందుకూ డబ్బిస్తే పేర్లూ సర్టిఫికెట్లే పుడతాయి. 2015లో మొదలైన కేంద్ర నైపుణ్య శిక్షణ పథకం ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదటి మూడు విడతల్లో, శిక్షణ పొందినవారికి ఉద్యోగాలు వచ్చాయో లేదో లెక్క రాసేవారు. నాలుగో విడతలో ఆ లెక్కను శిక్షణ నుంచి విడదీశారు. నా దృష్టిలో అది వెనకడుగు. సగానికి పైగా సొమ్ము, మనిషి ఆరు నెలలు జీతం అందుకున్నాకే సంస్థకు చేరాలి. మహిళ అయితే మరికొంత కలిపి ఇవ్వాలి.

నిరుడు నగరంలోని ఒక కుట్టు శిక్షణ కేంద్రానికి వెళ్లాను. మధ్యాహ్నం మూడుంపావుకు వెనక వరుసలో ఒకామె జాకెట్టు చేతిని సగం కుట్టి, సూది కింద గుడ్డను అలాగే వదిలి లేచింది. కొడుకు బడి వదిలే వేళ. “రోజూ ఇంతేనండీ. నాలుగింటికి కటింగ్ చెబుతారు. నాకు ఒక్కరోజూ అందలేదు” అంది. కుట్టుపనిలో డబ్బంతా కటింగ్‌లోనే ఉంది. కొలత తీసి గుడ్డ కోసే కటింగ్ మాస్టరు చాలా దుకాణాల్లో మగవాడే, అంచులు కుట్టేది ఆడమనిషి. ఆ కోర్సు అయ్యాక ఆమెకూ సర్టిఫికెట్ వస్తుంది, జీతం మాత్రం అంచుల దగ్గరే ఆగిపోతుంది. జీతాల్లో తేడా ఎక్కడ పుడుతుందో ఆ రోజు కళ్లారా చూశాను.

కొలంబియా ఈ ముడిని విప్పి చూపించింది. అక్కడ 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో పేద యువతకు మూడు నెలల తరగతి, మూడు నెలలు కంపెనీలో పని ఇప్పించారు. శిక్షణ సంస్థలు పోటీపడి ఆ పని దక్కించుకున్నాయి. అభ్యర్థులకు రోజుభత్యం ఇచ్చారు. ఏడేళ్లలోపు పిల్లలున్న తల్లులకు, పిల్లలను చూసే ఖర్చు కోసం ఆ భత్యం ఎక్కువ. 2005లో లాటరీ వేసి సీట్లు ఇవ్వడంతో, సీటు దొరికినవారినీ దొరకనివారినీ పోల్చి చూడగలిగారు. సీటు దొరికిన మహిళల సంపాదన దాదాపు 20 శాతం పెరిగింది.

మన దగ్గర సగం దారి ఇప్పటికే పడింది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మొదలైన మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్లకు బస్సు చార్జీ అడ్డం తొలగింది. మిగిలింది బిడ్డ.

అసలు ఈ నగరం ఆడవాళ్ల జీతంలేని చాకిరీ మీద నిలబడి ఉందని ఎప్పుడు ఒప్పుకుంటాం? దేశంలో పదిహేను నుంచి యాభై తొమ్మిదేళ్ల మధ్య మహిళలు ఇంటిపనికి రోజుకు 305 నిమిషాలు పెడుతున్నారని 2024 కాల వినియోగ సర్వే చెప్పింది. అంటే ఐదు గంటలు. హైటెక్ సిటీలో లాగిన్ అయ్యే మగవాడి వేడి టిఫిన్ వెనక, ఇస్త్రీ చొక్కా వెనక ఆ గంటలు ఉన్నాయి. వాటికి జీతం లేదు, సెలవు లేదు. ఆ ఐదు గంటలను కదపకుండా నైపుణ్యం గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా నేను నమ్మను.

మల్లేపల్లితో సహా 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్ర ప్రభుత్వం ఆధునిక కేంద్రాలుగా మార్చే పని చేపట్టింది. రోబోలు రావడం సంతోషమే. ఆ ప్రతి ప్రాంగణంలోనూ, సర్కారు సొమ్ము తీసుకునే ప్రతి ప్రైవేటు కేంద్రంలోనూ ఒక గది ఊయలలకు ఇవ్వండి, ఒక ఆయాకు జీతమివ్వండి. బడి వదిలిన పిల్లలూ అక్కడికే రావాలి. ఆ గదికి కటింగ్ పాఠం అయ్యేదాకా తాళం వేయకండి.