నా సీటు ఆక్రమించిన స్పేర్ల సంచి గారికి

మహారాజశ్రీ స్పేర్ల సంచి గారి సముఖమునకు,

బండి వెనక సీటు అసలు హక్కుదారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. తమరు కూడా, ఒక్క జిప్పు తప్ప, క్షేమంగానే ఉన్నారని హాల్లో నడుస్తూ కాలికి తగిలినప్పుడల్లా తెలుస్తూనే ఉంది.

సంగతేమిటంటే, జులైలో మావారు ఇంకో ముగ్గురితో కలిసి బైకుల మీద లద్దాఖ్ వెళ్తున్నారు. హైదరాబాద్‌లో 44వ నంబరు హైవే ఎక్కి నాగ్‌పూర్, ఆగ్రా, ఢిల్లీ మీదుగా పైకి, మనాలీ దాటి లేహ్ దాకా. నన్నూ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తానని పెళ్లిచూపుల్లోనే మాటిచ్చారు. ఆ మాటకు ఈమధ్య ఒక సవరణ వచ్చింది. "నువ్వు ఫ్లైట్‌లో లేహ్ వచ్చెయ్, అక్కడ కలుద్దాం. వెనక సీటు మీద స్పేర్లు కట్టాలి కదా!" అన్నారు. పెళ్లాం ఫ్లైట్‌లో, క్లచ్ ప్లేట్లు బండి మీద. తమరి జాతకం మంచిది.

నేనెవరో తమరికి పూర్తిగా తెలిసినట్టు లేదు. మా నాన్నకి కోదాడలో హైవే పక్కన పంక్చర్ షాపు. నేను ఇంటర్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగ ఎక్కడ వస్తోందో చూస్తూ చదువుకున్నదాన్ని. కాబట్టి మొన్న ఆదివారం మావారు స్నానానికి వెళ్లిన టైము చూసి తమరి జిప్పు తీశాను. సగంలో ఆగింది. మిగతా సగం నేను లాగాను. పైన అన్న 'ఒక్క జిప్పు' సంగతి అదే.

ముందు తమరిని లగేజీ కాటా కొక్కేనికి తగిలించాను. 18 కిలోలు. ఇంత బరువును బండి చివర, వెనక చక్రానికి కూడా అవతల కడితే ముందు చక్రం తేలికైపోయి, కంకర రోడ్డు మీద హ్యాండిల్ ఊగుతుంది. ఇనుము ఏదైనా కిందగా, బండి నడుముకు దగ్గరగా ఉండాలి. ఆ మాటే మావారితో అంటే, "నీకెందుకు టెన్షన్, బంగీ తాళ్లు గట్టివి" అన్నారు. తాళ్లు గట్టివే. వాటితోపాటు నన్ను కూడా కట్టి ఉంటే ఇంత ఉత్తరం రాసే పని తప్పేది.

తమరి కడుపులోంచి మొదట బయటపడింది 46 పీసుల సాకెట్ సెట్టు. తెరిస్తే నగల పెట్టెలా ఉంది. అన్నీ మెరుస్తూ, ఎవరి గుంటలో వాళ్లు కూర్చుని. సైజులు 4 నుంచి 14 దాకా. చక్రం తీయాలంటే విప్పాల్సిన ఇరుసు నట్టు అంతకన్నా చాలా పెద్దదని మావారికి తెలుసు. ఆ సెట్టుతో మాత్రం ఆ ముక్క ఎవరూ అన్నట్టు లేదు. దాని పక్కనే టార్క్ రెంచి. ఏ బోల్టును ఎంత బలంతో బిగించాలో కొలిచి చెప్పే సాధనం. ఖరీదైన సరుకు. దాని కొనకు పట్టే సైజు సాకెట్టు మాత్రం ఒక్కటీ లేదు.

తర్వాత వచ్చినవి చూసి మాత్రం నిజంగానే నోరు తెరిచాను. సీబీ పాయింట్లు ఒక జత, కండెన్సర్ ఒకటి, కార్బొరేటర్ జెట్లు, యాక్సిలరేటర్ కేబుల్, హెడ్‌లైట్ బల్బు. మనది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450. గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్ దీనికి లేదు, పెట్రోలు ఇంజెక్టర్ నుంచి పోతుంది. ఎత్తు పెరిగి గాలి పలచబడితే పెట్రోలు ఎంత తగ్గించాలో కంప్యూటరే చూసుకుంటుంది, పెట్రోలు వదిలే జెట్టు మార్చే పనే లేదు. యాక్సిలరేటర్ తిప్పితే లోపల సెన్సర్ కదులుతుంది, కేబుల్ అనేదే ఉండదు. హెడ్‌లైట్ ఎల్‌ఈడీ. ఇక సీబీ పాయింట్లయితే, పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్లో ప్లగ్గుకు నిప్పు పుట్టించిన రెండు చిన్న లోహపు ముక్కలు. ఒకదాన్నొకటి కొట్టుకుని అరిగిపోయేవి. గ్యాపు తప్పితే బండి మొరాయించేది. ఆ బండికి అవి ప్రాణం. మన బండికి అవి పేపరు వెయిట్లు.

ఈ జాబితా ఎక్కడిదని అడిగాను. రైడర్ల గ్రూపులో వచ్చిందట. గ్రూపులోకి వేరే గ్రూపు నుంచి, అందులోకి ఎవరో సీనియర్ రైడర్ దగ్గర్నుంచి. ఆయన పాత బుల్లెట్ మీద లద్దాఖ్ వెళ్లొచ్చినప్పుడు అక్షరాలా కరెక్టుగా రాసుకున్న లిస్టు. ఆయన తన బండికి రాసుకున్నారు. మనవాళ్లు దాన్ని తీసుకెళ్లి పుత్లీబౌలీ స్పేర్ పార్టుల షాపు కౌంటర్ మీద పెట్టి, "ఇవన్నీ ఇవ్వండి భాయ్" అన్నారు. పక్కింటివాళ్ల కళ్లజోడు నంబరు తెచ్చి మనకు అద్దాలు వేయించుకోవడం ఎవరూ చేయరు గానీ, బైకుల దగ్గరికి వచ్చేసరికి బుద్ధిమంతులు కూడా ఇదే చేస్తారు.

పోనీ, ఇవన్నీ ఒకసారైనా అక్కరకొచ్చాయా అంటే శ్రీశైలం ట్రయల్ రైడ్ ఉంది. తమరు మర్చిపోయి ఉండరు. నాలుగు బండ్లు ముందు, వెనక సీట్ల మీద తమరి లాంటివారు నలుగురు. నేనూ మా అత్తయ్యా మల్లన్న దర్శనానికని మా తమ్ముడి కారులో వెనకాల. మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాక మావారి బండి వెనక టైరు గాలి దిగిపోయింది. అందరూ ఆగారు. అందరి ముఖాల్లోనూ, తప్పుగా అనుకోకండి, సంతోషమే కనిపించింది. ఇన్నాళ్లకు సంచులు తెరిచే అవకాశం మరి.

ఒకాయన తన సంచిలోంచి సూది, జిగురు పురులు తీశారు. అది ట్యూబ్‌లెస్ టైరుకు వైద్యం. ఈ బండికి ట్యూబు టైరు. ఇంకొకాయన, ఆరు మూలల గుంటలో పెట్టి తిప్పే అలెన్ కీల గుత్తి తీసి ఒక్కొక్కటే నట్టు మీద పెట్టి చూశారు, అది అలెన్ నట్టు కాకపోయినా. తమరి నగల పెట్టె తెరుచుకుంది, మూసుకుంది. నాలుగు సంచుల్లోనూ కలిపి నాలుగు ఫుట్ పంపులున్నాయి, ఇరుసు నట్టుకు పట్టే పానా ఒక్కటి లేదు. నలుగురూ ఒకే లిస్టు కొన్నారు కాబట్టి నలుగురి దగ్గరా ఒకటే లోటు. అత్తయ్య కారు అద్దం దించి, "దర్శనం టైము దాటిపోతోంది. ఆ సంచినే టైరులో కుక్కి పోనివ్వండిరా" అన్నారు.

చివరికి ఒక లారీ ఆగింది. డ్రైవరన్న సీటు కింద నూనె గుడ్డలో చుట్టిన పానాలు అరడజను, వాటితోపాటు మూరెడు ఇనప పైపు. ఆ పైపు చూడగానే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. సర్వీసు సెంటర్లో గాలి గన్నుతో బిగించిన నట్టు చేతి బలానికి లొంగదు. పానా పిడికి పైపు దూర్చి, చివర పట్టుకుని తొక్కితే కిర్రుమని కదులుతుంది. కదిలింది. ఆ పైపుకు బ్రాండ్ లేదు, డబ్బా లేదు, దాని గురించి వీడియోలూ లేవు. అందుకే తమరిలో దానికి చోటు దొరకలేదేమో.

చక్రం బయటికి వచ్చాక టైరు అంచు రిమ్మును వదల్లేదు. బూటుకాళ్లతో తొక్కారు, దూకారు. నేను కారు దిగి, పక్క బండిని తెమ్మని, దాని సైడ్ స్టాండును టైరు అంచు మీద ఆనించి బండిని అటు వాల్చమన్నాను. టప్పున ఊడింది. కొత్త ట్యూబును మావారు గాలి లేకుండా మడతలతో సహా లోపలికి తోసేస్తుంటే ఆపాను. అలా పెడితే ట్యూబు, టైరు ఎక్కించే ఇనప లివరు కిందికి వచ్చి, దాని మొనకే చిల్లు పడుతుంది. ట్యూబుకు కొంచెం గాలి కొడితే గుండ్రంగా నిలబడి తన చోట తాను కూర్చుంటుంది. అంతకన్నా ముందు టైరు లోపలంతా గుడ్డతో తడమాలి. వేళ్లతో తడిమితే వేలే తెగొచ్చు, గుడ్డయితే మేకు మొనకు తట్టుకుని ఆగిపోతుంది. ఆగింది. ఒకటిన్నర అంగుళం మేకు, ఇంకా లోపలే ఉంది. అది తీయకుండా ట్యూబు వేసి ఉంటే తర్వాతి మలుపులో మళ్లీ ఇదే సభ. ఆఖర్న టైరు ఎక్కించేటప్పుడు, ఒక వైపు అంచును మోకాలితో రిమ్ము మధ్య గుంటలోకి నొక్కితే ఎదుటి వైపు వదులై దాదాపు చేత్తోనే ఎక్కుతుంది. లివరుతో కుస్తీ పట్టేది ఈ గుంట సంగతి తెలియనివాళ్లే.

తమరి గురించి అన్నీ చెడ్డమాటలే రాస్తే ధర్మం కాదు. లోపల యోగ్యులూ ఉన్నారు. క్లచ్ కేబుల్ ఉండాల్సిందే. తెగిందంటే గేర్లు మార్చడం నరకం, ఆ మోడల్‌ది ప్రతి ఊళ్లోనూ దొరకదు. కానీ అది సంచిలో ఉండాల్సిన అవసరం లేదు. ఇప్పుడే పాతదాని పక్కనే, అదే దారిలో పరిచి ప్లాస్టిక్ టైలతో కట్టేస్తే, తెగిన రోజున రెండు కొసలు మారిస్తే చాలు. బ్రేకు, క్లచ్ లివర్లు ఉండనివ్వండి. బండి నిలబడి ఉండగా పక్కకు పడినా మొదట విరిగేవి అవే. ఫ్యూజులు గోరంత ఉంటాయి, బరువు లేదు. కేబుల్ టైలు, ఇన్సులేషన్ టేపు, ఎం-సీల్, కటింగ్ ప్లేయర్ గురించి నేను చెప్పక్కర్లేదు, ఇండియాలో సగం బండ్లు వాటి మీదే నడుస్తున్నాయి. పెట్రోలు ట్యాంకు చెమ్మగిల్లితే స్నానం సబ్బు ముక్క రుద్దినా ఊరు చేరేదాకా ఆగుతుంది. సబ్బు ఎటూ తీసుకెళ్తారు. తీసుకెళ్తారనే ఆశిస్తున్నాను.

తమరి అనుచరులు ఇద్దరున్నారు, అటూ ఇటూ వేలాడే పెట్రోలు క్యాన్లు. వాళ్లతోనూ ఒక మాట. మనాలీ-లేహ్ దారిలో తాండి బంకు దగ్గర 'తర్వాతి పెట్రోల్ బంకు 365 కిలోమీటర్ల దూరంలో' అని ఉండే బోర్డు చాలా ప్రసిద్ధి. దాని దగ్గర ఫొటో దిగని రైడర్ లేడు. ఆ ఫొటో చూసి భయపడి క్యాన్లు కొనని రైడరూ లేడు. మన బండి ట్యాంకు 17 లీటర్లు. కొండ ఎక్కేటప్పుడు లీటరుకు 25 మాత్రమే ఇచ్చినా 425 కిలోమీటర్లు. తాండిలో మూత దాకా నింపుకుంటే చాలు. పక్కదారులు పట్టి తిరగాలనుకుంటే ఒక్క క్యాను, అదీ మనాలీలో కొనుక్కోవచ్చు, హైదరాబాద్ నుంచి ఖాళీ డబ్బాలు ఊపుకుంటూ వెళ్లక్కర్లేదు. ఆ మాటకొస్తే నిర్మల్ నుంచి ఢిల్లీ దాకా హైవే పొడుగునా మెకానిక్ షెడ్లే. కష్టమంతా 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటి, కేలాంగ్ వదిలాక. గాటా లూప్స్‌లో 21 మలుపులు ఎక్కుతున్నప్పుడు, పాంగ్ తర్వాత మోరే మైదానంలో, ఫోను సిగ్నల్‌ను నమ్ముకోలేం. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ము లద్దాఖ్‌లో అసలే పనిచేయదు. స్పేర్ల గురించి రాత్రింబవళ్లు మాట్లాడే ఈ నలుగురిలో పోస్ట్‌పెయిడ్ సిమ్ము ఉన్నది ఒక్కరికే. ఆయనకు పానా పట్టుకోవడం రాదు, ఆయన్ని మాత్రం జాగ్రత్తగా చూసుకోండి.

ఇక నా షరతులు. వచ్చే ఆదివారం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మావారు వెనక చక్రం ఊడదీసి, ట్యూబు మార్చి, మళ్లీ ఎక్కిస్తారు. నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను, సాయం చేయను. తర్వాత చైను బిగిస్తారు, క్లచ్ కేబుల్ మారుస్తారు, బ్యాటరీ విప్పి పెడతారు. ఆ పూట ఆయన చెయ్యి తాకిన సామాను లద్దాఖ్ వస్తుంది. తాకనిది అటకెక్కుతుంది. పంపు నలుగురికీ ఒకటి, రెండోది చాలా అవసరమనిపిస్తే రెండు. పెద్ద పానా, దానికి పైపు ముక్క కొత్తగా వచ్చి చేరతాయి. బండి స్టార్ట్ కాకపోతే సంచి విప్పే ముందు ఇంజన్ ఆపే ఎర్ర కిల్ స్విచ్, సైడ్ స్టాండ్, కాలిన ఫ్యూజు చూడాలని ట్యాంకు మీద స్టిక్కర్ అతికిస్తాను. శ్రీశైలం నుంచి తిరిగొచ్చేటప్పుడు దోమలపెంటలో ఒక బండి చుట్టూ అందరూ చేరి ప్లగ్గు విప్పబోతుంటే, టీ తాగుతున్న ఓ పెద్దాయన వచ్చి ఎర్ర స్విచ్ ఆన్ చేసి వెళ్లిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.

లెక్కేసి చూశాను. మిగిలేది అయిదు కిలోల లోపు. ట్యాంకు పక్కన ఒక చిన్న బ్యాగులో పట్టేస్తుంది. కాబట్టి వెనక సీటు శనివారంలోగా ఖాళీ చేయవలసిందిగా మనవి. నా లేహ్ ఫ్లైటు టికెట్టు క్యాన్సిల్ చేశాను, కట్ అయిన చార్జీలు తమరి ఖాతాలో రాశాను.

ఇట్లు,
కోదాడ పంక్చర్ షాపు అమ్మాయి

తా.క.: హెడ్‌లైట్ బల్బు వాపసు ఇద్దామని పుత్లీబౌలీ వెళ్లాను. షాపాయన తీసుకోనన్నాడు. ఈ బండికి ఇది పట్టదని అమ్మేటప్పుడే చెప్పాడట. "అయినా లిస్టులో ఉందన్నారమ్మా" అన్నాడు.