ఓడ తాళం కార్డు గారికి మిర్యాలగూడ గుమాస్తా రాయునది

మహారాజశ్రీ ఓడ తాళం కార్డు గారికి,

మిర్యాలగూడ నుంచి ఒక రైసు మిల్లు గుమాస్తా నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. బ్యాంకు ఖాతా మాత్రం ఇంకా కోలుకోలేదు.

మొన్న నేను, మా ఆవిడ, పిల్లలిద్దరూ సింగపూర్ నుంచి మీ విహార ఓడ (క్రూయిజ్) ఎక్కి నాలుగు రాత్రులు తిరిగొచ్చాం. అంతకుముందు నాకు తెలిసిన ఓడ ప్రయాణం ఒక్కటే. చిన్నప్పుడు మా నాయిన సాగర్‌లో లాంచీ ఎక్కించి నాగార్జునకొండకు తీసుకుపోయాడు. టికెట్ ఎంతో ఖర్చూ అంతే, పులిహోర ఇంటిది. ఆ లెక్కతోనే సింగపూర్ రేవుకు వచ్చాను. కౌంటర్ దగ్గర మిమ్మల్ని నీలం తాడుకు తగిలించి నా మెడలో వేస్తే మురిసిపోయాను. గది తలుపు తెరిచేది మీరే, ఓడ ఎక్కాలన్నా దిగాలన్నా మీరే, ఏం కొన్నా మీరే. జేబులో నోట్లకు పని లేదు. బోనాలకు పోయే మేకపోతు కూడా మెడలో దండ పడగానే ఇట్లాగే మురుస్తుందేమో.

టికెట్ అమ్మినాయన "అన్నీ అందులోనే సార్" అన్నాడు. అబద్ధమాడలేదు పాపం. గది, బఫే భోజనం, ఈతకొలను, రాత్రి ఆటపాటలు అందులోనే. బఫేలో గ్లాసుతో పట్టుకునే నీళ్ళు ఉచితం. అవే నీళ్ళు గదిలో సీసాలో కనిపించి మా పాప మూత తిప్పిందో, మీ ఖాతా మొదలు.

మా మిల్లులో తేమ 17 శాతం దాటిందని, తాలు ఉందని, 40 కిలోల బస్తాకు ఇంత తరుగని ఇరవై ఏళ్ళుగా రాస్తున్న చెయ్యి ఇది. రైతు ఊరుకోడు. "మళ్ళీ తూయి" అని కాంటా పక్కనే నిలబడతాడు, ఒక్కోసారి రోడ్డెక్కుతాడు. మీ ఓడలో తరుగు పేరు టిప్పు. మనిషికి రాత్రికి 18 అమెరికా డాలర్లు. నలుగురం, నాలుగు రాత్రులు, 288 డాలర్లు. మన లెక్కలో పాతిక వేలు. ఎనిమిదేళ్ళ పాపకూ పెద్దవాళ్ళతో సమానంగా. మా గది సర్దిన కుర్రాడికి ఇవ్వొద్దని కాదు. రోజూ తువ్వాలుతో ఏనుగునో కోతినో చేసి మంచం మీద పెట్టేవాడు. నా చేత్తో ఇస్తే వాడి ముఖం చూసేవాణ్ణి కదా! ఆ ముచ్చట కూడా మీరే తీర్చుకున్నారు.

రెండో రోజు కొలను గట్టున మా వాడు గొడుగు గుచ్చిన పళ్ళరసం అడిగాడు. వెయిటర్ మిమ్మల్ని మిషన్‌కు తాకించాడు. కీచుమని చిన్న చప్పుడు, అంతే. 9 డాలర్లు, దాని మీద 18 శాతం సర్వీస్ చార్జీ. ఎవరైనా "920 రూపాయలు" అని పైకి అని ఉంటే గ్లాసు అక్కడే పెట్టి పిల్లాణ్ణి ఎత్తుకొని పోయేవాణ్ణి. మీరు అనలేదు. మా బజార్లో కిరాణా సేటు కూడా ఉద్దెర ఇస్తాడు. కానీ పుస్తకం తెరిచి, వేలు తడి చేసుకొని పేజీ తిప్పి, "పాత బాకీ అట్లనే ఉంది సార్" అని నలుగురికీ వినిపించి మరీ రాస్తాడు. ఆ సిగ్గే మా ఇంటి బడ్జెట్టు. మీకు ఆపాటి మర్యాద కూడా లేదు.

ఓడలో కొన్న వైఫై, ఫొటోలు సరే, అవి మా తప్పులు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టమని పక్క గది పెద్దాయన చెప్పబట్టి సరిపోయింది. లేకుంటే నడిసముద్రంలో అది ఓడ సిగ్నల్ పట్టుకొని రోమింగ్ బిల్లు ఇంటికే పంపేదట.

దారిలో ఓడ ఆగిన మలేషియా రేవు పినాంగ్‌లో మాత్రం మా ఆవిడ గెలిచింది. ఓడవాళ్ళ టూరు వద్దంది. రేవు దిగితే జార్జ్ టౌన్ వీధులు నడిచేంత దూరమే. లిటిల్ ఇండియాలో ఇడ్లీ తిని, రెండు గంటల ముందే వచ్చి ఓడలో కూర్చున్నాం. వాళ్ళ టూరుకు పోతే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, సొంతంగా పోతే ఆగదు. ఆ టెన్షన్‌కు ఇడ్లీ రుచి సరిగ్గా తెలియలేదు.

ఆఖరి రాత్రి బిల్లు తలుపు కింద నుంచి లోపలికి జారింది. మూడు పేజీలు, 640 డాలర్లు. తప్పు పట్టుకుందామని తెల్లారేదాకా లెక్క కూడుతూ కూర్చున్నాను. ఒక్క సెంటు తేడా రాలేదు. అదే నా బాధ. రోజూ గది టీవీలోనే ఖాతా చూసుకోవచ్చని అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చాక క్రెడిట్ కార్డు బ్యాంకు డాలర్లు మార్చినందుకు మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ వేసుకుంది. మీ చుట్టమే కదా!

ఇప్పుడు మా ఆవిడ నోటు పుస్తకంలో "వచ్చేసారి" అని పేజీ తీసింది. టిప్పులు టికెట్‌లోనే కలిపి చూడాలట. టికెట్ ఎంతో అందులో సగం పైఖర్చులకు పక్కన పెట్టాలట. రోజూ రాత్రి ఆ కీచు చప్పుళ్ళన్నీ పిల్లలతో పైకి చదివించాలట. అవన్నీ లెక్కేశాక వచ్చేసారి సోమశిల లాంచీయే అని తేలింది.

మిమ్మల్ని ఓడవాళ్ళు తిరిగి అడగలేదు, గుర్తుగా తెచ్చుకున్నాం. ప్రస్తుతం మా అమ్మ జొన్నరొట్టెలు చేసి, పళ్ళేనికి అంటుకున్న పిండి మీతోనే గీకుతోంది. సర్వీస్ చార్జీ అడిగి చూడండి, ఏమంటుందో.

ఇట్లు,
తరుగు తెలిసిన గుమాస్తా