జిప్సం మాడ్యూల్ 4లో వస్తుంది

టీమ్‌గా పనిచేసిన ప్రతివాడికీ చివర్లో ఒక శిక్ష ఉంటుంది. పని ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. చేస్తున్నప్పుడు మీకెలా అనిపించింది అని మాత్రం తప్పకుండా అడుగుతారు. దీన్ని రిఫ్లెక్షన్ రిపోర్ట్ అంటారు. ఆన్‌లైన్ కోర్సు తయారుచేసిన టీమ్ అయితే, ఆ కోర్సు ఒక్క ప్రాణికైనా పనికొచ్చిందో లేదో తేలకముందే దీన్ని సమర్పించుకోవాలి. అందులో ఏం రాస్తారో మీకూ తెలుసు. ‘టీమ్ వర్క్ విలువ తెలిసింది.’ ‘కమ్యూనికేషన్ మెరుగుపడింది.’ ‘డెడ్‌లైన్ ఒత్తిడిలో పనిచేయడం అలవాటైంది.’ ఎనిమిది మంది ఉంటే ఎనిమిది మందీ ఈ మూడు వాక్యాలే రాస్తారు, వరస మాత్రం మారుస్తారు. దానివల్ల భిన్న దృక్కోణాలు వస్తాయట.

అనంతపురంలో ఒక సంస్థ వేరుశనగ రైతుల కోసం ఆన్‌లైన్ కోర్సు తలపెట్టింది. తెలుగు స్క్రిప్టు రాసే పని నాది కాబట్టి ఆ ఫారం నాకూ వచ్చింది. అయిదు గళ్ళు. అయిదింటిలోనూ ‘మీరు’ ఉన్నారు. రైతు ఒక్కదాంట్లోనూ లేడు.

మా పద్ధతి గురించి ముందు చెప్పాలి, పద్ధతి లేకుండా మేం టీ కూడా తాగలేదు కాబట్టి. యాడీ అని ఒక మోడల్ ఉంది. విశ్లేషణ, డిజైన్, తయారీ, అమలు, మూల్యాంకనం అని అయిదు దశలు. 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు అమెరికా సైన్యం శిక్షణ కోసం రూపొందించిన పద్ధతి ఇది. సైన్యంలో బ్రహ్మాండంగా పనిచేసే ఉంటుంది. క్లాసు నచ్చలేదని మధ్యలో లేచిపోతే ఏమవుతుందో అక్కడ నేర్చుకునేవాడికి బాగా తెలుసు. మన రైతుకు ఆ భయం లేదు. విసుగొస్తే ఫోన్ జేబులో వేసుకుని చేని దగ్గరికి పోతాడు. ఈ తేడా విశ్లేషణ దశలో ఎవరికైనా తడుతుందేమోనని ఆశపడ్డాను. ఆ దశంతా పర్సోనాకే సరిపోయింది.

పర్సోనా అంటే కోర్సు ఎవరి కోసమో ఆ మనిషికి ఒక పేరు పెట్టి, బొమ్మ వేయించి, గోడకు అంటించుకోవడం. నిజానికి నలుగురు మనుషుల్ని కలిసి, వాళ్ళు చెప్పింది విని, అందులోంచి తయారుచేయాలి. కానీ పల్లెకు పోవాలంటే జీపు కావాలి, జీపుకు డీజిల్ కావాలి, డీజిల్‌కు సంతకం కావాలి. అందుకని కాన్ఫరెన్స్ హాల్లో ఏసీ వేసుకుని ఊహించాం.

పేరు దగ్గర గొడవ రాలేదు. రామయ్య. ప్రభుత్వ పోస్టర్ల మీద ఇన్నేళ్ళుగా నవ్వుతున్న రైతు ఆయనే కదా. మీసం దగ్గర మాత్రం మీటింగు ఆగిపోయింది. డిజైనర్ గుబురు మీసం పెట్టాడు. ‘ఫ్యాక్షన్ లుక్ వస్తోంది, సీమ అనగానే ఇదేనా?’ అని కోఆర్డినేటర్ గారు అభ్యంతరం చెప్పారు. తగ్గిస్తే రామయ్య బ్యాంకు మేనేజర్‌లా తయారయ్యాడు. పూర్తిగా తీసేద్దామని ఒకరు, మీసం లేని రైతును రైతులే నమ్మరని మరొకరు. చివరికి ఓటింగు పెట్టి మధ్యరకం మీసం ఖాయం చేశారు. అంతలో తలపాగా వచ్చి పడింది. పసుపైతే ఒక పార్టీ, నీలమైతే ఇంకో పార్టీ, ఎరుపైతే కామ్రేడ్లు, కాషాయమైతే చెప్పక్కర్లేదు. ఏ పార్టీకీ చెందని రంగు కోసం వెతికి వెతికి బూడిద రంగు చుట్టారు. ఇంట్లో ఎవరో పోయినట్టున్నాడు పాపం.

ఇదంతా ముగిశాక బొమ్మను తెర మీద పెద్దది చేశారు. రామయ్య నడుము లోతు గోధుమ చేనులో నిలబడి ఉన్నాడు. వెనక నిండుగా పారుతున్న కాలువ. ఏడాది పొడుగునా కలిపినా 550 మిల్లీమీటర్ల దగ్గర ఊగిసలాడే వాన మీద బతికే జిల్లా ఇది. ‘ఇక్కడ గోధుమ ఎక్కడుందప్పా?’ అని అడిగాను. ‘అది బ్యాక్‌గ్రౌండే కదా సార్’ అన్నాడు డిజైనర్. అందరూ తలలూపారు. బొమ్మ కింద రామయ్య వివరాలు కూడా రాశారు. లక్ష్యం: నూతన సాంకేతికతను అన్వేషించడం. తీరిక వేళలు: సాయంత్రం 6 నుంచి 8 వరకు. సమస్య: సమాచార లోపం. అప్పు లేదు, ఎండిన బోరు లేదు, మొలవని విత్తనం లేదు. ఇంత సుఖంగా ఉన్నవాడికి కోర్సెందుకో నాకైతే అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడే అటెండరు టీలు తెచ్చాడు. కళ్యాణదుర్గం వైపు మనిషి. నాలుగెకరాలు వానాధారం, వేసింది శెనక్కాయే. ఉదయం చేను చూసుకుని బస్సెక్కి వస్తాడు. గ్లాసులు పెడుతూ తెర వైపు చూసి, ‘ఇది యా ఊరు సార్?’ అన్నాడు. ఎవరూ పలకలేదు. నాలుగో గ్లాసు పెట్టాక మళ్ళీ అడిగాడు: ‘మా చేను పూత మీద ఉండాది సార్. వాన చూస్తే లేదు. జిప్సం ఇప్పుడే వేయాల్నా, వానొచ్చే దాకా ఆగాల్నా?’

గదిలో వ్యవసాయ శాస్త్రం చదువుకున్న ఎక్స్‌పర్ట్ ఒకరున్నారు. ఆయన నోరు తెరిచారు. కోఆర్డినేటర్ గారు చెయ్యెత్తి ఆపారు. ‘చాలా మంచి ప్రశ్న. మాడ్యూల్ 4లో వస్తుంది.’

‘అదెప్పుడొస్తాది సార్?’

‘డిసెంబరులో.’

జూలైలో విత్తిన పంట డిసెంబరుకు చేనులో ఉంటుందా? ఎప్పుడో పీకేసి, కొట్టేసి, అమ్మేసి ఉంటారు. వేరుశనగ ఊడలు నేలలోకి దిగి అక్కడ కాయ కడతాయి. ఆ కాయ తనకు కావలసిన కాల్షియం చుట్టూ ఉన్న మట్టిలోంచే తీసుకుంటుంది. ఆ వేళకు దొరక్కపోతే పైకి కాయలా కనబడుతుంది, ఒలిస్తే లొట్ట. ఆ కాల్షియం అందించేదే జిప్సం. అందుకే దానికి ఒక అదను ఉంది, అది మా ప్రాజెక్టు షెడ్యూలు చూసి రాదు. మేం రైతును ఊహించుకుంటూ మీసాలు కొలుస్తుంటే రైతే వచ్చి మా ముందు గ్లాసులు పెట్టాడు. రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆయన ఖాళీ గ్లాసులు ఎత్తుకుని పోతుంటే ‘రైతుల అభిప్రాయాలు సేకరించాలి, గూగుల్ ఫారం పెడదామా’ అని చర్చించుకున్నారు. సిగ్గుండాలి కదా! ఎదురుగా నిలబడ్డ మనిషిని ఒక్క మాట అడగడానికి ఏ మోడల్ కావాలి? ఏ సైన్యం వచ్చి నేర్పాలి?

తర్వాత మెట్ల దగ్గర ఎక్స్‌పర్ట్ గారే ఆయన్ని ఆపి చెప్పారు. ఎకరాకు 200 కిలోలు, పూత సాగుతుండగా, విత్తిన 45 రోజుల లోపు. నేలలో తడి ఉన్నప్పుడు మొదళ్ళ దగ్గర వేసి మట్టి ఎగదోయాలి, కాబట్టి పదును దొరికేదాకా ఆగు, దొరికిన రోజున ఆగకు. నిమిషం కూడా పట్టలేదు. మా ప్రాజెక్టు మొత్తంలో జరిగిన బోధన అదొక్కటే. లాగిన్ లేదు కాబట్టి అది లెక్కలోకి రాలేదు.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. 2014లో ఎడ్ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల వీడియోల మీద వచ్చిన అధ్యయనం, 6 నిమిషాలు దాటితే చూసేవాళ్ళు జారుకుంటారని తేల్చింది. మా టీమ్ దాన్ని నిష్ఠగా పాటించింది. మొదటి 6 నిమిషాల్లో లోగోలు, జ్యోతి ప్రజ్వలన, అతిథులకు శాలువాలు, ఒక పెద్దాయన సందేశం. చూసేవాళ్ళు జారుకున్నాక వేరుశనగ మొదలవుతుంది. క్విజ్ పాసైతే తప్ప తర్వాతి వీడియో తెరుచుకోదు. అన్ని ప్రశ్నలకూ జవాబు ‘పైవన్నీ’.

ఇక మూల్యాంకనం. కిర్క్‌పాట్రిక్ అనే ఆయన 1959లోనే దీనికి నాలుగు మెట్లు చెప్పాడు. నచ్చిందా, నేర్చుకున్నారా, నేర్చుకున్నది పనిలో పెట్టారా, దానివల్ల ఫలితం కనబడిందా. మూడో మెట్టు ఎక్కాలంటే చేనులోకి దిగాలి. మళ్ళీ జీపు, డీజిల్, సంతకం. మా వాళ్ళు ఈ నాలుగింటినీ తప్పించుకునే అయిదోది కనిపెట్టారు: తయారుచేసినవాళ్ళకు ఎలా అనిపించింది? ఇందులో ఫెయిలయ్యే ప్రమాదమే లేదు. ఎనిమిది మందికీ బాగానే అనిపించింది.

నా ఫారంలో ‘ఈ ప్రయాణంలో మీరు నేర్చుకున్నది’ అన్న గడిలో జిప్సం గురించి రాశాను. ఎకరాకు ఎంతో, ఎప్పుడో, వాన లేకపోతే ఏం చేయాలో. ‘భాగస్వాములకు కృతజ్ఞతలు’ అన్న గడిలో టీ ఇచ్చిన మనిషి గురించి, ఆయన నాలుగెకరాల గురించి రాశాను. మర్నాడే జవాబొచ్చింది: ‘సార్, మీ రిఫ్లెక్షన్ చాలా బాగుంది. జిప్సం మాత్రం టెక్నికల్ కంటెంట్, ఇక్కడికి రాదు. అటెండరు టీమ్ మెంబర్ల లిస్టులో లేరు. ఆ రెండూ తీసేసి, టీమ్ వర్క్ గురించి ఒక వాక్యం చేర్చి, శుక్రవారం లోపు పంపగలరు.’