రెండేళ్ల నర్సింగ్ డిగ్రీకి ఫీజు ఒక్కటే ఖర్చు కాదు

అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లోని రెండేళ్ల అసోసియేట్ నర్సింగ్ డిగ్రీ తక్కువ ఖర్చుతో మంచి జీతం తెస్తుందని ఈమధ్య ఒక వ్యాసకర్త రాసిన మాట చాలావరకు నిజమే. నాలుగేళ్లు చదివినవారూ రాసేది అదే ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, పొందేది అదే ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్సు. అయితే అనాటమీ, మైక్రోబయాలజీ వంటి ముందస్తు కోర్సులకు పట్టే కాలం, సీటు కోసం ఎదురుచూపు, క్లినికల్స్ (ఆసుపత్రిలో శిక్షణ) రోజుల్లో వదులుకునే జీతం ఆ లెక్కలోకి రాలేదు. 2024లో ఆర్‌ఎన్‌ల మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లన్న ప్రభుత్వ అంకెలో ఏళ్ల అనుభవం ఉన్నవారూ కలిసే ఉన్నారు కనుక, దాన్ని మొదటి జీతంగా భావించకూడదు. న్యూయార్క్‌లోనైతే, 2017 నాటి చట్టం ప్రకారం, కొత్తగా లైసెన్సు పొందినవారు పదేళ్లలోపు నర్సింగ్‌లో బ్యాచిలర్స్ డిగ్రీ కూడా పూర్తి చేయాలి. ఆ ఫీజు ఆసుపత్రి భరిస్తుందో లేదో ఉద్యోగంలో చేరేముందే అడగాలి. ఇక హెచ్‌4 వీసాపై (హెచ్‌1బి వంటి వీసాదారుల కుటుంబసభ్యులకిచ్చేది) ఉన్న మనవాళ్లు చదవవచ్చు గానీ, పని అనుమతి లేనిదే ఉద్యోగం చేయలేరు.